రెండిళ్ళకూ ఒకటే ఇరుళప్పన్

ప్రింటరు పనిచేయలేదు. ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నప్పటినుంచీ అదే వరస. ల్యాప్‌టాప్‌లో ప్రింట్ నొక్కితే, వెనక గదిలో బీరువా మీదున్న ప్రింటరు పచ్చ దీపం వెలిగించుకుని కదలకుండా కూర్చుంది. తెర మీద మాత్రం 'ఆఫ్‌లైన్' అని వచ్చింది. తేన్‌మొళి మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే మాట.

వాకిట్లో కూర్చున్న అత్త కరుప్పాయి లోపలికి కేకేసింది. "ఏమ్మే, వచ్చెనా?"

"రాలేదత్తా."

"దానికీ ఆదివారం లీవు కావాలేమో. మనకేదా లేదు."

నవ్వడానికి తేన్‌మొళికి ఓపిక లేదు. పొద్దున వార్డులో ఊడ్చి వచ్చింది, ఇంటికొచ్చి వండింది, ఇప్పుడు ఈ మొండి పెట్టె ముందు కూర్చుంది. రేపు సోమవారం. కలెక్టరాఫీసులో జనం దగ్గర మనులు తీసుకునే రోజు. మను అంటే అర్జీ. ఆ మను కరుప్పాయి పని గురించి. ఈ వారం తప్పితే ఆమె చోటులో ఇంకో మనిషిని వేసేస్తామని కంట్రాక్టు కంపెనీ చెప్పేసింది. వేసేశాక తీయించడం ఎవరి తరమూ కాదు. అది తేన్‌మొళికి బాగా తెలుసు. యూనియన్‌లో ఆమె చూసినవన్నీ అలాంటివే.

కరుప్పాయి పని ఎందుకు పోయిందో వింటే కడుపు మండుతుంది. ఆమె మదురై వీధులు ఊడుస్తూనే ముసలిదైంది. ఒకప్పుడు హాజరంటే మేస్త్రీ పేరు పిలిచేవాడు, ఈమె పలికేది. ఇప్పుడు సూపర్‌వైజరు సెల్లు పట్టుకుని మొహం ఫోటో తీస్తాడు, ఆ సెల్లు ఒప్పుకుంటేనే హాజరు. కరుప్పాయి పళనికి పోయి మొక్కు తీర్చుకుని గుండుతో వచ్చింది. గుండు చూసి సెల్లు ఈమె ఆమె కాదంది. రోజూ పనికి పోయింది, రోజూ ఊడ్చింది, రోజూ సెల్లు కాదంది. చివరికి 'పనికి రావడం లేదు' అని తీసేశారు. చేతిలో చీపురుతో ఎదురుగా నిలబడి ఉన్న మనిషిని రాలేదని రాసుకునే లోకం ఇది. దీనికి టెక్నాలజీ అని పేరు.

ఆ సెల్లు పట్టుకున్న సూపర్‌వైజరు పరాయివాడూ కాదు. కరుప్పాయి సొంత తమ్ముడి కొడుకు వినోత్. వీళ్ళ పెరటి గోడకు అవతలి ఇల్లే వాడిది. కిందటేడు సమ్మెలో అందరూ బయట కూర్చుంటే, వీడు సూపర్‌వైజరు కోటు తొడుక్కుని కంపెనీ గేటు లోపల నిలబడ్డాడు. అప్పటినుంచీ రెండిళ్ళకూ మాటల్లేవు.

తేన్‌మొళి మొగుడు మణిమారన్ దిండిగల్‌లో తాళాలు చేసే పట్టడలో పనిచేస్తాడు. ఆదివారం ఒక్కరోజే ఇంట్లో ఉంటాడు. ఆ ఒక్కరోజూ పడుకోనివ్వలేదన్న మొహంతో లేచి వచ్చాడు.

"ఆపి మళ్ళీ వేసి చూసినావా?"

"చూస్తిని."

"పెట్టె ఆపి వేసినావా, వైఫై పెట్టె?"

"అదీ అయింది. ఇంక నన్ను ఆపి వెయ్యల్ల, అదొకటే మిగిలుండాది."

మణిమారన్ వెనక గదిలోకి వెళ్ళి ప్రింటరును తట్టాడు, వంగి చూశాడు, వైరు పీకి మళ్ళీ పెట్టాడు. పచ్చ దీపం వెలిగింది. తెర మీద ఆఫ్‌లైన్.

"నిన్న బాగుండె గదా?"

"నిన్న సోకుగా ఒక కాగితం ఇచ్చింది. పొద్దున కరెంటు పోయి వచ్చె. అప్పట్నుంచి ఇట్ల."

"సరి విడు, జిరాక్సు కొట్టుకు పోయి తీసుకుందాం."

తేన్‌మొళి వాడివంక చూసిన చూపుకు మణిమారన్ ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. జిరాక్సు కొట్టు సంగతి వాడికి తెలియనిది కాదు. పోయినసారి మను అక్కడే అచ్చు వేయించారు. అది కలెక్టరాఫీసుకు చేరక ముందే కంపెనీ మేనేజరు సెల్లులో కనబడింది. కొట్టువాడు ఫోటో తీసి పంపాడు. కింద సంతకం పెట్టినవాళ్ళందరినీ ఊరవతల వార్డులకు మార్చేశారు. ఇప్పటికీ వాళ్ళు తెల్లారకముందే రెండు బస్సులు మారి పోతున్నారు. అందుకనే యూనియన్ వాళ్ళంతా కలిసి ఈ ప్రింటరు కొన్నారు. ముందు గదిలో పెడితే వచ్చేపోయేవాళ్ళ కళ్ళు పడతాయని తేన్‌మొళి దాన్ని వెనక గదిలో, పెరటి గోడ పక్కన దాచి పెట్టింది.

"తాళాలు చేసే మనిషివి. నువ్వు తియ్యలేని తాళం ఇదేనా?" అంది.

"తాళానికి ఒక నియాయం ఉండాది మే. దీనికి ఏముండాది."

వాడు హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాడు. చాలాసేపు పాట వినిపించాక ఒక అమ్మాయి పలికింది. అలిసిపోయిన గొంతు. తమిళంలో, చదివి అప్పజెప్పినట్టు అడిగింది: ప్రింటరూ ల్యాప్‌టాపూ రెండూ ఒకే వైఫైలో ఉన్నాయా సార్?

మణిమారన్ ల్యాప్‌టాప్ చూశాడు. వైఫై పేరు ఇరుళప్పన్. వెనక గదిలోకి పోయి ప్రింటరు మీది చిన్న అద్దపు తెరలో చూశాడు. అక్కడా ఇరుళప్పన్.

"ఒకటేనమ్మా. రెండింట్లోనూ మా తాతే ఉండాడు."

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. అయితే లోపల ఏదో పాడై ఉంటుంది, సర్వీసు సెంటరుకు తీసుకుపోండి, సోమవారం తెరుస్తారు అని చెప్పింది. తన సేవకు ఎన్ని మార్కులు వేస్తారో నొక్కమని అడిగి ఫోన్ పెట్టేసింది.

"అయిదుకు అయిదూ వెయ్యి," అంది తేన్‌మొళి. "పాపం, దాని పనీ మన మాదిరి కంట్రాక్టు వేలే అయుంటాది. వెయ్యకపోతే దాన్నీ తీసేస్తారు."

మణిమారన్ మార్కులు వేశాడు. తేన్‌మొళి మళ్ళీ ప్రింట్ నొక్కింది. ఎన్నోసారో ఆమె లెక్కపెట్టుకోలేదు. కోపమొచ్చినప్పుడల్లా నొక్కుతూనే ఉంది.

అప్పుడు వెనక గదిలో ప్రింటరు కదిలింది. గరగరమని కాగితాన్ని లోపలికి లాక్కుంది. ఇద్దరూ పరిగెత్తారు. కాగితం మెల్లగా బయటికి వచ్చింది. దాని మీద మను లేదు. ఒక నెమలి ఉంది. పురి విప్పిన నెమలి, ఒట్టి నల్ల గీతలతో, పిల్లలు రంగులు వేసుకునే బొమ్మ.

"ఏమిది?" అన్నాడు మణిమారన్.

ప్రింటరు ఇంకో కాగితం లాక్కుంది. ఇంకో నెమలి. ఆ తర్వాత ఇంకొకటి.

"పట్టుకో దాన్ని, కాగితాలన్నీ తినేస్తా ఉండాది," అని తేన్‌మొళి ట్రే లాగబోయింది. అందులో మిగిలినవే కొన్ని కాగితాలు. కాగితాల కట్ట అమ్మే కొట్టు కూడా ఆ జిరాక్సు కొట్టే. అంతలో ప్రింటరు దానంతటదే ఆగింది.

కరుప్పాయి గుండు మీద తువ్వాలు సర్దుకుంటూ లోపలికి వచ్చింది. తేన్‌మొళి చేతిలోని కాగితం చూసింది.

"ఇది మన పాప నెమిలి గదా."

"ఏ పాప?"

"వినోత్ బిడ్డ. రేపు స్కూలుకు నెమిలి బొమ్మ తెమ్మన్నారంట. పొద్దున గోడకాడ నాకు చెప్పె. వాళ్ళమ్మ సెల్లులో ఉండాది, ఎట్ల తీసేదో తెలియలేదంట."

మణిమారన్ నెమలిని చూశాడు, పెరటి గోడను చూశాడు, నుదురు కొట్టుకున్నాడు. వాడికి తాళం తిరిగింది.

సంగతి ఇది. ఈ వీధిలోకి వైఫై వచ్చినప్పుడు పెట్టెకు పేరేం పెట్టాలని లైన్‌మాన్ అడిగాడు. కరుప్పాయి తన తండ్రి పేరు చెప్పింది. తమ్ముడి ఇంటికి, ఇప్పుడు వినోత్ ఉండే ఇంటికి, పెట్టించినప్పుడూ అదే పేరు పెట్టాలని పట్టుబట్టింది. పాస్‌వర్డూ అదే. అందుకు ఆమె కారణం ఆమెకుంది. ఇరుళప్పన్ కాలంలో వీళ్ళు పాకీపనికి పోయిన వీధుల్లో దాహమేస్తే వాకిలి కింద నిలబడి అడగాలి. అడిగితే పైనుంచి దోసిట్లో పోసేవాళ్ళు, లేదంటే పొమ్మనేవాళ్ళు. అందుకని ఇరుళప్పన్ సొంత వాకిట్లో ఒక కుండ పెట్టి, మన వీధిలో మనవాడు నోరు తెరిచి నీళ్ళు అడగకూడదని కట్టడి చేశాడు. కుండ పోయి వైఫై వచ్చింది. మన ఇంటికొచ్చిన చుట్టం పాస్‌వర్డు ఏమిటని అడగకూడదు, లోపలికి రాగానే సెల్లు దానంతటది పట్టుకోవాలి అంది కరుప్పాయి. అట్లాగే పెట్టారు. మాటలు ఆగిపోయినప్పుడు చీరలూ గిన్నెలూ వెనక్కి ఇచ్చిపుచ్చుకున్నారు కానీ ఈ పేరు ఎవరికీ గుర్తు రాలేదు.

"పొద్దున కరెంటు వచ్చినప్పుడు వాడి పెట్టె ముందు లేచింది," అన్నాడు మణిమారన్. "మన ప్రింటరు పోయి ఆ ఇరుళప్పన్‌ను పట్టుకుంది. ల్యాప్‌టాప్ ఈ ఇరుళప్పన్ దగ్గర ఉండాది. పేరొకటే, ఇల్లు వేరే. ఇలక్కియ సెల్లులో నొక్కితే మన ఇంట్లో వస్తాది, మనం నొక్కితే ఎక్కడా రాదు."

ఇలక్కియ అంటే వినోత్ పెళ్ళాం.

తేన్‌మొళి బీరువా పక్కన నేలమీద కూలబడింది. కంపెనీ కళ్ళు పడకూడదని ప్రింటరును తెచ్చి తెచ్చి కంపెనీ సూపర్‌వైజరు గోడకు ఆనించి పెట్టింది తనే.

ప్రింటరును ఎత్తుకుపోయి ముందు గదిలో పెట్టి చూశారు. అక్కడా పోయి వినోత్ పెట్టెనే పట్టుకుంది. వాడిది కంపెనీ ఇచ్చిన కొత్త పెట్టె, నాలుగు కొమ్ములుంటాయి, పేరు మాత్రం పాతదే. అగ్గిపెట్టెల్లాంటి ఈ ఇళ్ళలో దాని జోరుకు వీళ్ళ పాత పెట్టె నిలవలేదు. మళ్ళీ మోసుకొచ్చి బీరువా మీదే పెట్టారు.

"మన పెట్టెకు పేరు మార్చేస్తే సరి. అయిదు నిమిషాల వేల," అన్నాడు మణిమారన్.

"మార్చు," అంది తేన్‌మొళి. "సమ్మె నాడే మార్చుండల్ల."

"మార్చొద్దు," అంది కరుప్పాయి.

"అత్తా."

"మార్చినారంటే కుండ తీసి లోపల పెట్టుకున్నట్టే."

"నీ పని పోయినాది అత్తా. తీసినోడు ఆ గోడకు అవతల ఉండాడు. నీకింకా కుండ కావాల్నా?"

"పని వాళ్ళు ఇచ్చింది, వాళ్ళు తీసినారు. కుండ మా నాయన పెట్టింది. అది తీసేదానికి నువ్వెవరు, నేనెవరు?"

ముసలామె గొంతు పెంచలేదు. తేన్‌మొళి యూనియన్ మీటింగుల్లో ఎందరి నోళ్ళో మూయించిన మనిషి. ఈమె ముందు మాత్రం వాదన వచ్చి నాలుక మీద చచ్చిపోతుంది. మొగుడి వంక చూసింది. వాడు గోడ వంక చూస్తున్నాడు.

"ఇంకో దారి ఉండాది," అన్నాడు. "ల్యాప్‌టాప్ పెరట్లోకి తీసుకపోతే అదీ వాడి పెట్టెనే పట్టుకుంటాది. అప్పుడు రెండూ ఒకే ఇంట్లో ఉన్నట్టు. నొక్కితే వస్తాది."

"వాడి మీద మనును వాడి వైఫైలో ప్రింట్ తియ్యాల్నా?"

"ఇంకేమి చేసేది చెప్పు."

తేన్‌మొళి లేచింది. ఒళ్ళంతా నొప్పులు. ల్యాప్‌టాప్ ఎత్తుకుని పెరట్లోకి నడిచింది, మణిమారన్ వెనకనే వచ్చాడు. గోడ నడుము ఎత్తు కూడా లేదు. బట్టలుతికే రాయి మీద ల్యాప్‌టాప్ పెట్టి తల ఎత్తేసరికి అవతల వినోత్ బండి కడుగుతున్నాడు.

సమ్మె తర్వాత ఇంత దగ్గరగా మొహాలు చూసుకోవడం ఇదే.

"ఏమి బావా, ల్యాప్‌టాప్ ఉతుకుతా ఉండారా?" అన్నాడు వినోత్.

మణిమారన్‌కు నవ్వు వచ్చింది కానీ పెళ్ళాం మొహం చూసి మింగేశాడు. "మా ప్రింటరు మీ పెట్టెను పట్టుకోని వదిలేదే లేదురా. రెండింటికీ తాత పేరు గదా. ఇలక్కియ పంపిన నెమిళ్ళన్నీ మా ఇంట్లోదా వస్తా ఉండాయి."

"అదేనా? ఇలక్కియ ఇందాకట్నుంచి నొక్కతా ఉండాది, ఎక్కడికి పోతా ఉండాదో తెలియలేదు." వినోత్ చెంబు కింద పెట్టాడు. "మీరేమి ప్రింట్ తీసేది?"

మణిమారన్ నోరు తెరిచేలోపలే తేన్‌మొళి చెప్పేసింది. "మను. రేపు కలెక్టరాఫీసుకు."

"కంపెనీ మీదనా?"

"కంపెనీ మీద. రెండో పేరాలో నీ పేరు ఉండాది."

వినోత్ చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"అక్కా, సెల్లు ఎర్ర గీత చూపిస్తే నేనేమి చేసేది? నేను కొడితే పచ్చ అవుతాదా?"

"ఆపీసుకు ఒక మాట రాసుండొచ్చు. గుండు కొట్టించుకోని ఉండాది, మొహం మళ్ళీ ఎక్కించండి అని. రాసినావా?"

"రాస్తే, మీ అత్త గదా, చుట్టమని చేస్తివి అంటారు."

"చుట్టమనేదా చెయ్యలేదా అయితే? మంచి నియాయం."

"నా పనీ కంట్రాక్టే అక్కా."

"అది నాకు తెలియదా? అందుకే గదా నిన్ను మాతో కూర్చోమంటిమి. నువ్వు లోపలికి పోతివి." తేన్‌మొళి ఇంటి వైపు చెయ్యి చూపింది. "ఆ గుండు ఎవరి కోసం కొట్టించుకుందో నీకు తెలుసు. నీ బిడ్డకు జొరం తగ్గల్లని మొక్కుకునింది. ఆ బిడ్డ ఇప్పుడు నెమిలికి రంగులేస్తా ఉండాది. ఈమె పేరు పోయినాది. పోదుం, ఇంక చాలు, నాకు ఓపిక లేదు, నీతో పంచాయతీ పెట్టేదానికి రాలేదు."

వినోత్ తడి బండిని అట్లాగే వదిలి లోపలికి పోయాడు. తలుపు మూశాడు.

మణిమారన్ ల్యాప్‌టాప్ మీదికి వంగాడు. గోడకాడ అది అప్పుడే పట్టుకుంటున్న జోరైన వైఫై ఒక్కసారిగా తెగిపోయింది. చిన్న చుక్క ఒకటి గిర్రున తిరుగుతోంది.

"ఆపేసినాడు," అన్నాడు. "పెట్టె ఆపేసినాడు."

"చూస్తివా." తేన్‌మొళి ల్యాప్‌టాప్ మూత మూయబోయింది. "అంతే వాడు. పేరు మార్చు. అత్త అరిస్తే అరవనీ. ఇంక నావల్ల కాదు."

"ఉండు మే, మూయొద్దు."

చుక్క ఆగింది. ఇరుళప్పన్ అని వచ్చింది. ఈసారి ఇది ఈ ఇంటి ఇరుళప్పన్. అవతల పెట్టె చచ్చేసరికి ల్యాప్‌టాప్ సొంత ఇంటికి వచ్చింది. వెనక గదిలో ప్రింటరు పచ్చ దీపం ఆరి, వెలిగి, ఆరి, వెలిగింది. దానికీ ఇంకో దారి లేదు. అదీ సొంత ఇంటికి వచ్చింది. గరగరమని కాగితం లాక్కుంది.

వాళ్ళు లోపలికి వచ్చేసరికి మను మొదటి పేజీ బయటికి వస్తోంది. రెండో పేజీ. మళ్ళీ మొదటి పేజీ. పగలంతా తేన్‌మొళి కోపంతో నొక్కిన నొక్కులన్నీ లోపల వరసలో నిలబడి ఉన్నాయి. ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. కలెక్టరుకు ఒకటి, లేబర్ ఆఫీసుకు ఒకటి, యూనియన్‌కు ఒకటి. ఆపమన్నా ఆగలేదు. కాగితాలు అయిపోయి గుక్కపట్టినట్టు నిలిచింది.

పెరట్లోనుంచి వినోత్ గొంతు వినిపించింది. పెద్దగా లేదు. "వచ్చెనా?"

తేన్‌మొళి మణిమారన్‌ను చూసింది. కరుప్పాయి పలికింది.

"వస్తా ఉండాదిరా."

"అయినాక చెప్పత్తా. అప్పుడు వేస్తా పెట్టె."

తర్వాత మళ్ళీ వాడే అడిగాడు. "నా పేరు ఉండాదా అందులో?"

ఈసారి తేన్‌మొళి పెరటి తలుపు దాకా వెళ్ళి చెప్పింది. "ఉండాది."

"సరి," అన్నాడు వినోత్.

పేరు తీసెయ్యమని వాడు అడగలేదు. అడిగినా ఆమె తీసేది కాదు. ఒక స్విచ్చి ఆపినందుకు ఒక మనిషి చేసిన పని చెరిగిపోదు. వాడు గేటు లోపల నిలబడ్డది నిజం, ఆపీసుకు ఒక్క ముక్క రాయనిది నిజం, ఇప్పుడు స్విచ్చి ఆపిందీ నిజం. మూడూ ఉంటాయి. మనులో రాయడానికి వీలైనవి మాత్రం ముందు రెండే.

తేన్‌మొళి పేజీలను చూసుకుంటే ఇంకో ప్రతి తక్కువైంది. ఆఫీసులో ముద్ర వేయించుకుని తాము ఉంచుకోవాల్సిన ప్రతి అది. అది లేకపోతే మను ఇచ్చినట్టు లెక్కే కాదు. ఇంట్లో ఒక్క తెల్ల కాగితం లేదు.

"నెమిళ్ళు ఉండాయి గదా," అంది కరుప్పాయి.

వచ్చిన నెమళ్ళు మూడు. తేన్‌మొళి రెండింటిని తిరగేసి ట్రేలో పెట్టింది. ప్రింటరు వాటిని లాక్కుని వాటి వీపుల మీద మను రాసి ఇచ్చింది. మూడో నెమలి మీద అప్పటికే కరుప్పాయి చెయ్యి ఉంది. ఆమె దాన్ని మడత పడకుండా పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళింది.

"అయిందిరా వినోతూ. పెట్టె వేసుకో. పాపను పిలువు, దాని నెమిలి ఇక్కడుండాది."

మణిమారన్ చాప పరుచుకుని పడుకున్నాడు. "పేరు ఎప్పుడో ఒకప్పుడు మార్చల్ల మే," అన్నాడు కళ్ళు మూసుకునే. "ఇంకోసారి కరెంటు పోతే మళ్ళీ ఇదే కత."

తేన్‌మొళి కాగితాలు సర్ది, సంతకాల కోసం పెన్ను వెతుక్కుంటోంది. సాయంత్రంలోపల ఇల్లిల్లూ తిరగాలి. ఊరవతల వార్డులకు పోయిన వాళ్ళు ఈసారి పెడతారో లేదో.

"రేపు కలెక్టరాఫీసు," అంది. "ఆ తర్వాత చూద్దాం."

గోడ అవతల వైఫై పెట్టె మళ్ళీ వెలిగింది. వెనక గదిలో ప్రింటరు పచ్చ దీపం ఒక్కసారి ఆరి వెలిగింది. ఏ ఇంటి ఇరుళప్పన్‌ను పట్టుకుందో చూడటానికి ఎవరూ లేవలేదు.